తుపాను వేళ ఎవరి వైర్‌లెస్ వారిదేనా?
శాఖల మధ్య మాట కలిపే ఏర్పాటు ముందుగానే జరగాలి

బాపట్ల: తుపాను హెచ్చరిక వెలువడగానే కలెక్టరేట్లలో కంట్రోల్ రూములు తెరవడం, సిబ్బందికి సెలవులు రద్దు చేయడం, పునరావాస కేంద్రాలు సిద్ధం చేయడం తీరప్రాంత జిల్లాల్లో పరిపాటి. అయితే గాలివాన ముదిరి, కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయిన తర్వాత పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, వైద్య సిబ్బంది, మెరైన్ పోలీసులు, బయటి నుంచి వచ్చిన సహాయక దళాలు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. సాధారణంగా ఏ శాఖ వైర్‌లెస్ ఆ శాఖదే. ఒకే కట్ట మీద పక్కపక్కన నిలబడిన ఇద్దరు ఉద్యోగుల చేతుల్లో సెట్లు ఉన్నా, ముందుగా ఏర్పాటు లేకపోతే ఒకరి మాట మరొకరికి వినిపించదు. ఆపదలో చిక్కుకున్న లంక గ్రామానికి ఆ నిమిషాలే ప్రాణంతో సమానం.

నాటి ఉప్పెన నేర్పిన పాఠం

1977 నవంబరు 19న దివిసీమ వద్ద తీరం దాటిన తుపాను, దానితో పాటు వచ్చిన ఉప్పెన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వేలాది మందిని పొట్టన పెట్టుకున్న సంగతి పెద్దలకు నేటికీ గుర్తే. స్తంభాలు ఒరిగి, తీగలు తెగి, రోడ్లు కొట్టుకుపోవడంతో నష్టం ఏ పాటిదో బయటి లోకానికి వెంటనే తెలియలేదు. తెలియని చోటికి సాయం కదలదు కదా!

ఆ తర్వాత 1980 దశకంలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరికలు పంపే యంత్రాలను ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో అమర్చారు. వాతావరణ శాఖ కేంద్రం నుంచి సైరను మోగించి, స్థానిక భాషలోనే హెచ్చరిక వినిపించే ఏర్పాటు అది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద పెను తుపాను తీరం దాటినప్పుడు ముందస్తు హెచ్చరికల వల్ల లక్ష మందికి పైగా జనాన్ని తరలించగలిగారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే ఉంది. 1977తో పోలిస్తే ఇది ఎంతో మెరుగు.

కాని ఆ యంత్రం వినిపించేదే తప్ప తిరిగి మాట్లాడేది కాదు. ‘ఇక్కడ కట్ట తెగింది, పడవ పంపండి’ అని చెప్పే వీలు దానిలో లేదు. హెచ్చరిక అందించడం ఒక ఎత్తయితే, విపత్తు మధ్యలో శాఖల మధ్య మాట నడిపించడం మరో ఎత్తు. మొదటి దానిలో చాలా ప్రగతి జరిగింది. రెండవ దానికి అంతటి శ్రద్ధ దక్కలేదనే చెప్పాలి.

సెల్ ఫోను మీదే భారమా?

నేడు ప్రతి చేతిలోనూ సెల్ ఫోను ఉంది గనుక వైర్‌లెస్‌తో పనేమిటని కొందరు అనుకోవచ్చు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను దీనికి సమాధానం చెప్పింది. అంతటి మహానగరంలో కరెంటు, సెల్ ఫోన్లు ఒక్కసారిగా స్తంభించాయి. అప్పుడు హ్యామ్ రేడియో ఔత్సాహికులు తమ సెట్లతో వెళ్లి సమాచారం అందించడంలో తోడ్పడ్డారు. నగరం పరిస్థితే అలా ఉంటే నిజాంపట్నం, సూర్యలంక, ఓడరేవు, కొత్తపట్నం వంటి తీర గ్రామాల సంగతి చెప్పనక్కరలేదు. టవరు పడిపోకపోయినా, కరెంటు పోయి బ్యాటరీలు అయిపోతే అది ఉన్నా లేనట్లే.

ప్రజలు ఫోను చేయడానికి 100, 101, 108 నంబర్లు ఉన్నాయి. 2019 నుంచి 112 అనే ఉమ్మడి నంబరు కూడా వచ్చింది. ఇది మంచి పనే. అయితే ఈ నంబర్లు పౌరుడిని కంట్రోల్ రూముతో కలుపుతాయి. సంఘటన స్థలంలో ఉన్న పోలీసును, ఫైరింజను డ్రైవరును, పడవ నడిపే వానిని ఒకరితో ఒకరిని కలపవు. ఈ తేడాను గమనించాలి.

సెట్లు ఎందుకు పలకవు?

విజయవాడ కేంద్రం మీద ముల్లు నిలిపిన రేడియోలో మద్రాసు కేంద్రం వినిపించదు. వైర్‌లెస్ సెట్ల సంగతీ అంతే. ప్రతి శాఖకూ కేంద్ర ప్రభుత్వ టెలికం విభాగం వేరువేరు ఫ్రీక్వెన్సీలు కేటాయిస్తుంది. పడవల్లోని సెట్లకు ప్రపంచమంతటా 16వ చానల్ ఆపద పిలుపులకు ఉంది. దాని ఫ్రీక్వెన్సీ 156.8 మెగాహెర్ట్జ్. విమానాలు, హెలికాప్టర్లు వాడే ఆపద ఫ్రీక్వెన్సీ 121.5 మెగాహెర్ట్జ్. అది మాటను మోసే పద్ధతి కూడా వేరు. అందువల్ల లంక మీద తిరిగే హెలికాప్టరు పైలట్‌కు కింద ఉన్న కానిస్టేబులు సెట్టులోని మాట నేరుగా వినిపించదు.

దీనికి తోడు కొన్ని సెట్లు పాత అనలాగ్ రకం, కొన్ని కొత్త డిజిటల్ రకం. డిజిటల్‌లోనూ ఒక కంపెనీ పద్ధతి మరో కంపెనీకి అన్నివేళలా సరిపోదు. రహస్యం కోసం మాటను మార్చి పంపే తాళం వేసిన సెట్లు మరికొన్ని. ఇలా ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు తయారవుతుంది.

ఈ ఇబ్బంది మన దేశానికే పరిమితం కాదు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలోని న్యూయార్కులో జంట భవనాలపై దాడి జరిగినప్పుడు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పోలీసు హెలికాప్టర్లలోని వారు పైనుంచి చూసి భవనం కూలే ప్రమాదం ఉందని హెచ్చరించినా, ఆ మాట ఫైర్ శాఖ వైర్‌లెస్‌లోకి నేరుగా చేరే దారి లేదు. ఉత్తర భవనంలో ఉన్న పలువురు సిబ్బందికి ‘బయటికి రండి’ అన్న ఆదేశమే వినిపించలేదని విచారణ సంఘం తేల్చింది. ధనిక దేశంలోనే ఇలా జరిగిందంటే కారణం డబ్బు ఒక్కటే కాదని అర్థమవుతుంది. దేశమంతటికీ అత్యవసర శాఖల ఉమ్మడి వ్యవస్థ కోసం అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది 2012లో. అంటే పదకొండేళ్లు పట్టింది.

జిల్లాలు విడిపోయాయి, నది విడిపోలేదు

2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలను పునర్విభజించి బాపట్ల, పల్నాడు జిల్లాలు ఏర్పాటు చేశారు. పాలన దగ్గరైంది. కాని ఒకప్పుడు ఒకే కలెక్టరు, ఒకే ఎస్పీ చూసిన ప్రాంతంలో ఇప్పుడు పలు కంట్రోల్ రూములు ఉన్నాయి. కృష్ణమ్మకు ఈ ఎల్లలతో పని లేదు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2009 అక్టోబరు నాటి వరద కన్నా ఇది ఎక్కువ. విజయవాడలో బుడమేరు ముంచెత్తగా, దిగువన గుంటూరు, బాపట్ల జిల్లాల లంక గ్రామాలు నీట మునిగాయి. ఇటువంటప్పుడు బ్యారేజీ వద్ద నీటిపారుదల ఇంజనీరు చూసిన మట్టం, కరకట్ట మీద కాపలా కాసే వారికి, లంకల్లో పడవలు నడిపే వారికి, అవతలి గట్టు జిల్లా అధికారులకు ఒకేసారి తెలియాలి. ఒక కంట్రోల్ రూము నుంచి మరో దానికి, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి గ్రామానికి మాట చేతులు మారే కొద్దీ కాలం గడిచిపోతుంది. మాట మారిపోయే ప్రమాదం కూడా ఉంది.

తుపాను ఒక్కటే కాదు. ఫిబ్రవరి నుంచి మే వరకు కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు నిండి ఉంటాయి. జిన్నింగు మిల్లుల్లో పత్తి గుట్టలుగా ఉంటుంది. నిప్పంటుకుంటే రెండు మూడు ఊళ్ల ఫైరింజన్లు రావాల్సిందే. మిర్చి కాలిన ఘాటుకు దగ్గరకు వెళ్లడమే కష్టం. జనాన్ని తరలించే పోలీసుకు, నీళ్లు కొట్టే సిబ్బందికి, కరెంటు తీయవలసిన లైన్‌మన్‌కు మధ్య మాట నడవకపోతే నష్టం రెట్టింపవుతుంది.

అన్ని సెట్లూ మార్చనక్కరలేదు

దీనికి పరిష్కారం ఉన్న సెట్లన్నీ పారేసి కొత్తవి కొనడమేనని భావించనక్కరలేదు. మొదటి మార్గం, ఒకే రకం సెట్లున్న శాఖలన్నింటికీ తమ రోజువారీ చానళ్లతో పాటు విపత్తు కోసం ఒక ఉమ్మడి చానల్ అమర్చడం. అది రిపీటరు మీద ఆధారపడకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా పనిచేసేదిగా ఉండాలి. కొండ మీది రిపీటరు దెబ్బతిన్నా కొద్ది కిలోమీటర్ల మేర మాట నడుస్తుంది.

రెండవది, వేరువేరు రకాల సెట్లను కంట్రోల్ రూములో ఒక యంత్రానికి కలిపి, ఒక దానిలో వచ్చిన మాటను రెండవ దానిలోకి పంపడం. ఇటువంటి పరికరాలు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. మూడవది అన్నిటికన్నా చౌక. ప్రతి శాఖ కొన్ని అదనపు సెట్లు ఉంచుకుని, బయటి దళం రాగానే వారి నాయకుడి చేతికి ఒకటి ఇవ్వడం, లేదా తమ మనిషిని సెట్టుతో సహా వారి వెంట పంపడం. గన్నవరం సమీపంలోని కొండపావులూరులో ఉన్న జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదవ బెటాలియన్ ఈ జిల్లాలకు దగ్గరే. ముందుగా కూర్చుని మాట్లాడుకోవడానికి దూరాభారం అడ్డం కాదు.

పోలీసుల అభ్యంతరమూ కొట్టిపారేయదగింది కాదు. నేరాలు, బందోబస్తు విషయాలు అందరి చెవిన పడకూడదు. పైగా అందరూ ఒకే చానల్‌లో ఒకేసారి మాట్లాడితే సంతగోలే మిగులుతుంది. అందుకే రోజువారీ పనికి ఎవరి చానల్ వారికి ఉండాలి. ఉమ్మడి చానల్‌ను విపత్తు వేళ మాత్రమే తెరిచి, ఎవరు ముందు మాట్లాడాలో చెప్పే ఒక అధికారిని నియమించాలి. శాఖల సంకేత పదాలు మాని, ఊరి పేరు, రేవు పేరు చెప్పి మామూలు తెలుగులో మాట్లాడాలి.

చట్టం ఉంది, ఆచరణ కావాలి

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. స్థానిక సంస్థల ప్రజాప్రతినిధి సహాధ్యక్షుడు. ఎస్పీ, జిల్లా వైద్యాధికారి సభ్యులు. సమాచార వ్యవస్థలు సక్రమంగా ఉన్నాయో లేదో చూడడం, ఎప్పటికప్పుడు విపత్తు కసరత్తులు జరిపించడం ఈ సంస్థ బాధ్యతేనని చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి అమరావతి, ఢిల్లీల వైపు చూడనక్కరలేకుండా జిల్లా స్థాయిలోనే చేయగలిగింది చాలా ఉంది. కొత్త ఫ్రీక్వెన్సీకి మాత్రం కేంద్రం అనుమతి కావాలి. అది రావడానికి సమయం పడుతుంది గనుక తుపాను కాలానికి ముందే కోరాలి.

కసరత్తు అంటే కలెక్టరేట్ హాలులో సమావేశం కాదు. అక్టోబరుకు ముందు ఒక రోజు కరెంటు, సెల్ ఫోన్లు లేవనుకుని, ఒక లంక గ్రామం నుంచి సాయం కోరే మాట ఎన్ని నిమిషాల్లో పడవ నడిపే వానికి చేరుతుందో గడియారం పెట్టి చూడాలి. రెండు గట్ల జిల్లాలూ కలిసి చేస్తే మరీ మంచిది. లోపం ఎక్కడుందో అప్పుడే తేలిపోతుంది.

గ్రామస్థుల వంతు కూడా లేకపోలేదు. మండలంలో కరెంటు, ఫోను పోతే వైర్‌లెస్ సెట్టు ఎక్కడ ఉంటుంది, దాని బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, దాన్ని నడిపేది ఎవరు అన్న మూడు ప్రశ్నలు గ్రామసభలో అడగవచ్చు. మత్స్యకారులు 16వ చానల్‌ను, తీర రక్షక దళం 1554 నంబరును మరువరాదు. ఇంట్లో ఒక ట్రాన్సిస్టరు, కొత్త సెల్లులు ఉంచుకోవడం నేటికీ పనికివచ్చే జాగ్రత్తే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఈ తీరానికి తుపాను కొత్త కాదు, మళ్లీ రాదన్న భరోసా లేదు. ఇల్లు తగలబడుతుంటే బావి తవ్వినట్లు కాకుండా, వచ్చే తుపాను కాలానికి ముందే అన్ని శాఖల సెట్లనూ ఒక చోట చేర్చి మాట కలుస్తుందో లేదో చూడవలసిన బాధ్యత జిల్లా యంత్రాంగం మీద ఉంది.