యంత్రమేధయు, మన పాఠశాలలును

విద్యార్థి చేతికి క్రొత్త పనిముట్టు వచ్చినపుడెల్ల పెద్దలలో రెండు పక్షములు బయలుదేరును. దానివలన చదువు చెడునని ఒకరు బెదరుదురు. దానివలననే చదువు వచ్చునని వేరొకరు పొంగుదురు. కృత్రిమమేధ విషయమున ఇపుడీ రెండు పక్షములును బలముగనే యున్నవి. ఆ పనిముట్టు ఎవరి చేతిలో, ఎవరి పర్యవేక్షణలో, ఏ భాషలో పనిచేయుచున్నదను ప్రశ్నను మాత్రము ఇరువురును అడుగుట లేదు. గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములవారికి ఈ ప్రశ్నయే ముఖ్యమని మా యభిప్రాయము.

జరిగిన సంగతిని ముందు జ్ఞప్తికి తెచ్చుకొందము. చాట్ జీపీటీ యను యంత్రము 2022 నవంబరు 30వ తేదీన లోకమునకు వెల్లడియైనది. మూడు వారములకు, డిసెంబరు 21న, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి ఉపాధ్యాయులకును ట్యాబులను పంచ నారంభించినది. ఆ విడత పంచినవి సుమారు 5 లక్షల 18 వేలు. మరుసటి యేడు మరల పంచిరి. ధనికుని బిడ్డకున్న సాధనమును పేదవాని బిడ్డకును ఇచ్చుట మంచిపనియే. దానిని మేము నిందింపము. కాని అందులోని పాఠములు బైజూస్ అను ఒక్క వర్తకసంస్థవి. 2024 జూన్‌లో ఇచ్చట ప్రభుత్వము మారినది. జూలైలో ఆ సంస్థ దివాలా విచారణకు లోనైనది. మొదటి విడత ట్యాబులందుకొన్న బాలబాలికలు 2025లో పదవతరగతి పరీక్షల యీడునకు వచ్చిరి. వారికి దానివలన ఎంత చదువబ్బెనో లెక్కతీసి ప్రజలకు చెప్పవలసిన బాధ్యత పంచిన పాలకులకును, తరువాత వచ్చిన పాలకులకును కలదు. వర్తకుని లాభనష్టములపై బడిపిల్లల పాఠములు ఆధారపడుట ఏ ప్రభుత్వమునకును గౌరవము కాదు.

కార్యాలయపు పనులలో యంత్రము మేలు చేసిన మాట నిజము. 2025 జనవరిలో ఆరంభమైన మన మిత్ర సేవద్వారా ఇంటర్మీడియేటు విద్యార్థులు హాలుటికెట్టును చేతి ఫోనులోనే పొందగల్గిరి. దానికై తిరుగుట తప్పినది. కాని కాగితము చేరవేయుట వేరు, చదువు నేర్పుట వేరు.

ఈ యంత్రము ఒక విషయమును మనిషివలె ఎరిగి చెప్పునది కాదు. అపారమైన వ్రాతలనుండి ఏ మాట వెనుక ఏ మాట వచ్చుటకు వీలున్నదో లెక్కించి వాక్యములను కూర్చునది. అందుచే నిజమునెంత నిబ్బరముగా చెప్పునో, అబద్ధమును నంత నిబ్బరముగనే చెప్పగలదు. దానికి మేపిన వ్రాతలలో ఇంగ్లీషు మెండు, తెలుగు కొద్ది. కావున తెలుగున తప్పుదారి పట్టుట కెక్కువ యవకాశము కలదు. తప్పు పట్టగలవానికది సేవకుడు. పట్టలేనివానికదే గురువై కూర్చుండును. చదువున్న యింటి బిడ్డకు మరికొంత చదువు నిచ్చి, లేనివాని బిడ్డకు చదివితినను భ్రాంతి మాత్రమే మిగిల్చు ప్రమాదము దీనిలో నున్నది.

ఈ ప్రమాదము కర్నూలు పశ్చిమ మండలములకు మిక్కుటము. 2011 జనాభా లెక్కలలో కోసిగి, కౌతాళము మొదలగు మండలముల యక్షరాస్యత రాష్ట్రములో అట్టడుగున నున్నది. ప్రత్తితీత కాలమున ఇచ్చటి బడులలో పిల్లలు పలుచనగుదురు. తల్లిదండ్రులు మిరపకోతకై గుంటూరు సీమకు తరలినపుడు పిల్లలును వెంట పోవుదురు. బడికి రాని బిడ్డకు ఏ మేధయు పాఠము చెప్పజాలదు. మా పాఠకులలో ప్రత్తి పండించు ఆసాములు కలరు. బడియీడు పిల్లలను కూలికి పిలువమని వారు నిశ్చయించుకొన్నచో, అది లక్ష ట్యాబులకు మించిన దానము.

పనిముట్టొక్కటియే చాలదని ఎమ్మిగనూరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచ్చట చేనేత సహకారసంఘము వెలసినది. మగ్గము నేతగాని యింట అంతకుముందును ఉన్నదే. నూలు, కూలి, అమ్మకము అను మూటికి ఏర్పాటు జరిగిన తరువాతనే ఆ మగ్గము కుటుంబమును పోషించినది. విద్యకును అంతే. ఉపాధ్యాయుడే నూలు, మాతృభాషయే పడుగు.

కావున మేము కోరునది ఇది. యంత్రమును పిల్లలకంటె ముందుగా ఉపాధ్యాయునికి నేర్పవలెను. ఖాళీగానున్న ఉపాధ్యాయ పదవులను నింపవలెను. ప్రజాధనముతో నడచు బడిలోని పాఠములు తెలుగున, ప్రజల సొత్తుగా ఉండవలెను. కళాశాలలు ఈ యంత్రమును నిషేధించి ఊరకుండుటయు, చూచి చూడనట్లుండుటయు సమానముగా నిష్ఫలములే. విద్యార్థి తెచ్చిన వ్యాసమును ముందుంచుకొని నాలుగు ప్రశ్నలు నోటితో అడిగినచో, వ్రాసినదెవరో క్షణములో తేలును. మన పూర్వపు చదువులో అప్పజెప్పుట యను పద్ధతి కలదు. దానికిప్పుడు మరల పని వచ్చినది.

యువకులకు వేరొక మార్గమును కలదు. హైదరాబాదులోని స్వేచ్ఛ అను స్వచ్ఛంద సంస్థ 2023లో ఇంజనీరింగు విద్యార్థులను కూర్చుకొని, తెలుగు కథలను సేకరించి, తెలుగు మేధాయంత్రమును నిర్మించుటకు పూనుకొన్నది. ఆదోని అంగడి మాట, గూడూరు మగ్గపు మాట, ఈ సీమ రైతు మాట ఆ యంత్రములకు ఎక్కవలెనన్న, ఎక్కింపవలసినవారు ఇచ్చటి విద్యార్థులే. ఒరులు చేసిన యంత్రమునకు బేరగాండ్రమై యుండుటయా, మన భాషకు తగిన యంత్రమును చేసికొనుటయా యనునది వారు తేల్చుకొనవలసిన విషయము. వారి కా శక్తి కలుగునట్లు బడిని నిలుపుట మాత్రము పెద్దల పని. ఈ ప్రత్తికాలము ముగియులోగా ఆ పని ఆరంభము కావలెను.