రహస్యం ఏమీ లేదు, తమ్ముడూ

మొన్న సంక్రాంతికి అత్తిలి వెళ్ళినప్పుడు, రాత్రి డాబా మీద మా బాబాయి కొడుకు బ్లూటూత్ స్పీకర్లో ఒక పాత ర్యాప్ ఆల్బం పెట్టాడు. జెడై మైండ్ ట్రిక్స్ వాళ్ళ మొదటి ఆల్బం, 1997 నాటిది. దాని పేరు చెప్పడానికి ముందు ఊపిరి పీల్చుకోవాలి: ‘ది సైకో-సోషల్, కెమికల్, బయోలాజికల్ అండ్ ఎలక్ట్రో-మాగ్నెటిక్ మానిప్యులేషన్ ఆఫ్ హ్యూమన్ కాన్షస్‌నెస్’.

“వీళ్ళు అప్పుడే చెప్పేశారన్నయ్యా. మన ఏలూర్లో జరిగింది కూడా ఇదే. మనమీద టెస్టింగ్ చేశారు” అన్నాడు.

నేను నవ్వేశాను. కాసేపటికి నవ్వినందుకు సిగ్గేసింది. వాడి మేనమామది ఏలూరు. 2020 డిసెంబరులో ఆయన కూతురు గోడకి పెట్టిన సైకిల్ జారినట్టు జారి పడిపోయింది, నోట్లోంచి నురగ. ఆయన ఆ పిల్లని పట్టుకుని రెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో ఉన్నాడు. పిల్ల కోలుకుంది. ఎందుకు పడిపోయిందో ఆయనకి ఇప్పటికీ ఎవరూ వచ్చి చెప్పలేదు. అలాంటి ఇంటి కుర్రాడు అడిగితే నవ్వడం జవాబు కాదు. ఆ రాత్రి ఇవ్వలేకపోయిన జవాబు ఇది.

ముందు ఆల్బం గురించి న్యాయంగా మాట్లాడదాం. ఫిలడెల్ఫియా కుర్రాళ్ళు, వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. స్టూప్ పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి అతికించిన సంగీతంలో ఒక దిగులుంది, అది ఇప్పటికీ పాతబడలేదు. దాని మీద విన్నీ పాజ్ (అప్పట్లో ఐకాన్ ది వెర్బల్ హోలోగ్రామ్ అని పేరు పెట్టుకున్నాడు) ఆగకుండా మాట్లాడతాడు. గ్రహాంతరవాసులు, మనసుల్ని నడిపే శక్తులు, యుగాంతం, పొలాల్లో రాత్రికి రాత్రి పుట్టే వలయాలు. మా అత్తిలి వరిచేలో వలయం కనిపిస్తే అడివి పంది దొర్లిందనుకుంటాం. కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఆ అరగంటా నాకూ భయమేస్తుంది. ఆల్బంగా అది పనిచేస్తుంది. నా గొడవ దాన్ని ‘ధిక్కారం’ అనేవాళ్ళతో.

వాళ్ళ వాదన నాకు తెలుసు. అమెరికాలో నల్లవాళ్ళకి ప్రభుత్వాన్ని అనుమానించడానికి కారణాలున్నాయి, ఆ అనుమానం నుంచే ఈ ర్యాప్ పుట్టింది, దాన్ని వెక్కిరించడం బలిసినవాళ్ళ పని అంటారు. మొదటి సగం అక్షరాలా నిజం. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ సిఫిలిస్ ఉన్న సుమారు నాలుగు వందల మంది నల్లజాతి మగవాళ్ళని వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చుంది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఇంతకన్నా పెద్ద కుట్ర ఏముంటుంది?

కానీ ఇక్కడ ఒక్క విషయం గమనించండి. టస్కీగీ రహస్యం కాదు. ఆ డాక్టర్లు తాము చూసినదాన్ని 1936 నుంచి వైద్య పత్రికల్లో వ్యాసాలుగా అచ్చేసుకుంటూనే వచ్చారు. లైబ్రరీల్లో ఉన్నాయి. చదివిన డాక్టర్లున్నారు. 1972లో ఒక వార్తాసంస్థ విలేఖరి రాసేదాకా అది ఆగలేదు. అంటే నలభై ఏళ్ళు దాన్ని కాపాడింది చీకటి గది కాదు. చదివి పేజీ తిప్పేసిన వాళ్ళ ఊరుకోవడం.

కుట్ర సిద్ధాంతానికి అర్థం కానిది ఇదే. నిజం ఎక్కడో దాచేశారనీ, ఎవడో ధైర్యవంతుడు దాన్ని బయటపెడితే చాలనీ అది నమ్ముతుంది. నిజం బల్ల మీదే పడి ఉన్నప్పుడు ఏం చేయాలో దానికి తెలీదు.

ఇక ఆ ‘ఇల్యుమినాటి’ సంగతి. అసలు ఇల్యుమినాటి 1776లో బవేరియాలో ఒక ప్రొఫెసర్ పెట్టిన సంఘం. పదేళ్ళు తిరక్కుండానే అక్కడి ప్రభుత్వం నిషేధించింది. దాన్ని ర్యాప్ లోకంలోకి తెచ్చినవాటిలో పెద్దది విలియం కూపర్ 1991లో వేసిన ‘బిహోల్డ్ ఎ పేల్ హార్స్’. తొంభైల ర్యాపర్లు చాలామంది చదివిన పుస్తకం. అందులో కూపర్ యూదుల మీద రష్యాలో 1903లో అచ్చయిన ఒక దొంగపత్రాన్ని మొత్తంగా దింపాడు. అది వేరే పుస్తకం నుంచి కాపీ కొట్టిందని లండన్ టైమ్స్ 1921లోనే రుజువు చేసింది. కూపర్ చేసిందల్లా యూదులు అని ఉన్నచోట ఇల్యుమినాటి అని చదువుకోమని సూచన రాయడం. మా భాషలో ఫైండ్ అండ్ రీప్లేస్. మా తమ్ముడు ‘సిస్టమ్‌ని ప్రశ్నించడం’ అనుకుంటున్నది నూటపాతికేళ్ళ నాటి కులద్వేషం లాంటి ద్వేషం, పేరు మార్చుకుని వచ్చింది.

ఇప్పుడు ఏలూరు. 2020 డిసెంబరు 5 నుంచి జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రులకి వెళ్ళారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకున్నారు, ఒకరు చనిపోయారు. బ్లీచింగ్ అన్నారు, దోమల మందు అన్నారు. ఎయిమ్స్ వాళ్ళకి రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. డిసెంబరు మధ్యకి వచ్చేసరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉంటాయని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. అవి ఒంట్లోకి ఎలా వెళ్ళాయో మాత్రం అప్పుడు తేలలేదు.

ఆ ‘ఎలా’ మీద ఒక ఆల్బం రాయొచ్చు. ఏలూరులో కృష్ణా కాలవా గోదావరి కాలవా కలుస్తాయి. రెండు డెల్టాల చేలు కడిగిన నీళ్ళు ఎక్కడెక్కడ తిరుగుతాయో మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దుళ్ళకొట్టే మందు ఏ కొట్లో అప్పుకిస్తారో తెలుసు. మందు కొట్టి వచ్చినవాడు ఏ బోదెలో చేతులు కడుక్కుంటాడో తెలుసు. అందులో మా నాన్న కూడా ఉన్నాడు. ‘మనమీద టెస్టింగ్’ అన్న మాటలో మా నాన్న లేడు, ఆ కొట్టువాడు లేడు, మంచినీళ్ళ పైపు లేదు. అందుకే ఆ మాట అంత హాయిగా ఉంటుంది.

కొల్లేరు చూడండి. 1999లో ప్రభుత్వం దాన్ని అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో ఆ హద్దుని మూడో కాంటూరుకి తగ్గించాలని తీర్మానం చేశారు. ఏ రహస్య మందిరంలోనో కాదు, హైదరాబాదు అసెంబ్లీలో, మైకుల ముందు. కొట్టేసిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. కైకలూరు వైపు వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కనపడతాయి. ఎవరు తవ్వారో అడిగితే చెప్తారు, మర్యాదగా, గారు అని చేర్చి మరీ చెప్తారు. ఇంత వెలుతురులో జరిగేదాన్ని త్రికోణంలో కన్ను బొమ్మ వేసి చూపిస్తే నవ్వుకునేది ఎవరు?

నా ఉద్యోగంలో అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే ఎవడో ఒకడు ‘నెట్‌వర్క్ ఇష్యూ’ అని రాసి టికెట్ క్లోజ్ చేసేస్తాడు. దాన్ని ఎవరూ కాదనలేరు, ఎవరి మీదా పడదు, అందరూ పడుకోవచ్చు. ఇల్యుమినాటి సరిగ్గా ఆ పని చేస్తుంది. గరిమెళ్ళ సత్యనారాయణ ఒక పాట రాసి పాడుతూ తిరిగినందుకు తెల్లదొరలు జైల్లో పెట్టారు. ఆ పాట ఎవరు పోవాలో చెప్పింది కాబట్టి. ఇల్యుమినాటిని తిట్టి జైలుకి పోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

ర్యాప్‌కి పేర్లు చెప్పే దమ్ము లేదని నేననను. కిల్లర్ మైక్ 2012లో ‘రీగన్’ అన్న పాటలో అధ్యక్షుడి పేరు పెట్టి, చేసిన పనులు పెట్టి కడిగేశాడు. అంతా అయ్యాక చివర్లో ఆ పేరులో అక్షరాలు లెక్కపెట్టి సైతాను సంఖ్య తీశాడు. అంత గొప్ప పాటకి ఆ తోక ఎందుకు? రీగన్ చెడ్డవాడనడానికి ఆయన చేసింది చాలదా? సైతాను చేశాడంటే రీగన్‌కి ఓట్లేసినవాళ్ళు బతికిపోతారు.

తమ్ముడూ, నువ్వు కూడా ఫోన్లో పాటలు రాసుకుంటున్నావని పిన్ని చెప్పింది. రాయి. మీ మావయ్య దగ్గర కూర్చుని ఆ రెండు రాత్రులూ వరండాలో ఏం జరిగిందో అడిగి రాయి. ఆ పిల్ల ఆ రోజు ఏ కుళాయి నీళ్ళు తాగిందో, ఏ కూర తిందో కనుక్కుని రాయి. మా నాన్న పేరు కూడా పెట్టు, నేనేమీ అనుకోను. బీటు మాత్రం స్టూప్ దగ్గర నేర్చుకో, అది వాడికి బాగా వచ్చు.