పగ్డీ బ్రోకరుకూ చీటీ పాడేవారికీ తెలుగులో జవాబు కావాలి

ముంబయిలోని కామాఠీపురాకు ఆ పేరు బొంబాయి కట్టడ పనుల కోసం హైదరాబాద్ రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది. ఇలాంటి పేటల్లో ఒకే దుకాణంలో మూడు నాలుగు వ్యాపారాలు నడుస్తాయి. మొబైల్ రీఛార్జి, ఊరికి డబ్బు పంపడం, సాయంత్రం చీటీ పాట, ఖోలీ (గది) కోసం వచ్చినవారికి పగ్డీ బేరం, అంటే ముందుగా పెద్ద మొత్తం ఇచ్చి అద్దె హక్కు కొనుక్కోవడం. అలాంటి దుకాణదారుకు మనీ లాండరింగ్ నిరోధక చట్టం వర్తిస్తుందా? ఏ పనికి వర్తిస్తుంది, ఏ పనికి వర్తించదు?

వ్యాపారం ఏమిటో చెబితే బాధ్యతలేమిటో చూపించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. డబ్బున్న సంస్థలు వాటిని కొనుక్కోగలవు. కానీ ఈ చట్టం కింద నివేదికలు స్వీకరించే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ (ఎఫ్‌ఐయూ) అలాంటిదాన్ని తానే తయారుచేసి, తెలుగులోనూ ఉచితంగా ఇవ్వాలి. అది ‘మీ వ్యాపారం పేరేమిటి’ అని అడిగి ఊరుకోకూడదు. డబ్బు ఎవరిది, ఎవరి చేతికి పోతోంది, నగదా కాదా అని కూడా అడగాలి.

చీటీనే చూడండి. చిట్‌ఫండ్ కంపెనీ ఈ చట్టం ప్రకారం ఆర్థిక సంస్థ. ఖాతాదారు గుర్తింపు తీసుకోవాలి, రికార్డులు 5 ఏళ్లు దాచాలి, 10 లక్షల రూపాయలు దాటిన నగదు లావాదేవీలను మరుసటి నెల 15లోగా ఎఫ్‌ఐయూకు తెలపాలి. తప్పితే ఒక్కో తప్పుకు 10 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా. చాల్‌లో (వరుస గదుల అద్దె ఇళ్లలో) ఇరుగుపొరుగుతో చీటీ వేసే గృహిణి కంపెనీ కాదు, ఆ నివేదికల బాధ్యత ఆమెకు లేదు. అయితే 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం వేరే ఉంది. దాని కింద ముందస్తు అనుమతి కావాలి. వ్యక్తులు నడిపే చీటీలకున్న పరిమితిని 2019 సవరణ లక్ష నుంచి 3 లక్షలకు పెంచింది. ఒక చట్టం గురించే చెప్పి రెండోదాన్ని వదిలేసే సాఫ్ట్‌వేర్ ఆమెను నట్టేట ముంచుతుంది.

బంగారం దగ్గరా ఇదే చిక్కు. ఒక కొనుగోలుదారుతో 10 లక్షలు, ఆపైన నగదు లావాదేవీ చేసే వ్యాపారిని 2020 డిసెంబరు నోటిఫికేషన్ ఈ చట్టం కిందికి తెచ్చింది. కానీ ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచే ఒకరి వద్ద 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని నిషేధించింది. ‘10 లక్షల లోపే కదా, పరవాలేదు’ అన్న జవాబు విని దుకాణదారు 4 లక్షల నోట్లు లెక్కపెట్టుకుంటే?

డబ్బు పంపే కౌంటరులో కూర్చున్న ఏజెంటుది మరో సంగతి. ఎఫ్‌ఐయూకు జవాబు చెప్పాల్సింది బ్యాంకు; కౌంటరులో పత్రాలు చూడాల్సింది మాత్రం ఏజెంటు. రిజర్వ్ బ్యాంకు 2024 నవంబరు నుంచి నగదు పంపేవారి ఫోన్ నంబరు, గుర్తింపు పత్రం తప్పనిసరి చేసింది. ప్రతి లావాదేవీకీ అదనపు ధ్రువీకరణ ఉండాలంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీ ప్లాస్టిక్ కవరులోంచి నలిగిన ఆధార్ తీసి ఇస్తాడు. ఓటీపీ మాత్రం పోగొట్టుకున్న పాత నంబరుకు వెళ్తుంది. అప్పుడు ఏం చేయాలో తెలియని ఏజెంటు అయితే అతణ్ని వెనక్కి పంపేస్తాడు, లేదా వేరొకరి నంబరు మీద డబ్బు పంపేస్తాడు. మొదటిదాంతో ఊళ్లో ఇంటిఖర్చు ఆగుతుంది. రెండోదాంతో చట్టం ఉద్దేశమే దెబ్బతింటుంది. నిబంధన అవసరమే, అనుమానం లేదు. కానీ పాటించాల్సినవారికి అర్థమయ్యే భాషలో దాన్ని చెప్పని లోటును పేదవాడు భరించడం అన్యాయం.

అన్నిటికంటే తొందరపడాల్సింది పగ్డీ విషయంలో. వార్షిక టర్నోవరు 20 లక్షలు, ఆపైన ఉన్న స్థిరాస్తి ఏజెంట్లను కూడా 2020 డిసెంబరులోనే ఈ చట్టం పరిధిలో చేర్చారు. ఇప్పుడు మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా కామాఠీపురా పునర్నిర్మాణం తలపెట్టింది. పాత ఖోలీకి కొత్త ఫ్లాటు వస్తుందన్న ఆశ పుట్టిన చోట అద్దె హక్కులు చేతులు మారతాయి, నగదూ మారుతుంది. నిన్నటిదాకా చిన్న బేరాలు చేసిన బ్రోకరు రెండు పెద్ద బేరాలతో ఆ గీత దాటవచ్చు. దాటినట్టు అతనికెవరు చెబుతారు?

నిబంధనలు కూడా నిలకడగా ఉండవు. 2023 మార్చిలో క్రిప్టో వ్యాపారాలు, మేలో క్లయింట్ల తరఫున లావాదేవీలు జరిపే చార్టర్డ్ అకౌంటెంట్లు ఈ పరిధిలోకి వచ్చారు. అందుకే జవాబు మీద తేదీ, రిఫరెన్సు నంబరు ఉండాలి. దుకాణదారు నిజం చెప్పి, వచ్చిన జవాబు ప్రకారం నడుచుకుంటే తర్వాత ఆ కాగితాన్ని అధికారి గౌరవించాలి. ఆ హామీ ప్రైవేటు యాప్ ఇవ్వలేదు, ఎఫ్‌ఐయూ ఇవ్వగలదు. తొలి పరీక్ష కామాఠీపురా గల్లీల్లోనే పెట్టాలి, అదీ ఏజెంట్లనూ బ్రోకర్లనూ కూర్చోబెట్టి, వారు అడిగే మాటల్లోనే ప్రశ్నలు రాసుకుని.