వంగే పిల్లకు నొప్పి ఉండదా?

"మా అమ్మాయి ఒళ్ళు రబ్బరండీ, ఎటు వంచితే అటు వంగుతుంది" అని మురిసిపోయే తల్లులు వీధికి ఇద్దరైనా ఉంటారు. బడి వార్షికోత్సవంలో యోగాసనాలు ఆ పిల్లచేతే వేయిస్తారు. కూచిపూడి మాస్టారు ముందు వరుసలో నిలబెడతారు. ఇంటికి చుట్టాలొస్తే "ఏదీ, బొటనవేలు వెనక్కి వంచి చూపించవే" అంటాం. బాగానే ఉంది. అదే పిల్ల రాత్రి పడుకోబోయే ముందు "అమ్మా, మోకాళ్ళు లాగుతున్నాయి" అంటే మాత్రం నమ్మబుద్ధి కాదు. పొద్దున అంత చక్కగా వంగిన పిల్లకు నొప్పెక్కడిది, హోంవర్కు ఎగ్గొట్టడానికి వేషాలు కాకపోతే అనుకుంటాం.

విజయనగరం వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చూశాక ఈ వారం ఆ నొప్పి గురించే రాద్దామనిపించింది. వాళ్ళమ్మాయి ఎనిమిదో తరగతి. ఖోఖో బాగా ఆడుతుంది. చీలమండ మాటిమాటికీ మడతపడుతోందట, నడుం నొప్పి అంటోందట. ఇంట్లో పెద్దవాళ్ళు "ఆటలు మాన్పించెయ్యండి, రేపు పెళ్ళి చేయాల్సిన పిల్ల" అంటున్నారట. డ్రిల్లు మాస్టారేమో "ఒళ్ళు ఇంకా వంచాలి, వంచితే అదే పోతుంది" అంటున్నారట. ఎవరి మాట వినమంటారు అని అడిగారావిడ. ఇద్దరి మాటా వినొద్దంటాను నేను.

మన లంగాకు వేసే ఎలాస్టిక్ ఉంది చూశారూ, కొత్తలో బిగుతుగా పట్టి ఉంచుతుంది. కొన్ని ఎలాస్టిక్‌లు కొన్ననాడే వదులుగా ఉంటాయి. అప్పుడేం చేస్తాం? పిన్నీసు పెట్టుకుంటాం. కీళ్ళ సంగతీ ఇంచుమించు అంతే. ఎముకకూ ఎముకకూ మధ్య పట్టీల్లాంటివి ఉంటాయి, లిగమెంట్లు అంటారు. కీలు ఎంతవరకు వంగాలో అక్కడ ఆపేవి అవే. అవి కొల్లాజెన్ అనే పదార్థంతో తయారవుతాయి. కొందరిలో పుట్టుకతోనే ఆ పట్టీలు ఎక్కువ సాగుతాయి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు రావచ్చు. మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లో ఎక్కువ, పెద్దవాళ్ళలో కంటే చిన్నపిల్లల్లో ఎక్కువ. మన దేశం లాంటి ఆసియా దేశాల వాళ్ళలో తెల్లవాళ్ళలో కంటే ఎక్కువని కూడా అంటారు. డాక్టర్లు దీన్ని హైపర్ మొబిలిటీ అంటారు. జబ్బు కాదు. ఇది ఉన్నవాళ్ళలో చాలామందికి జీవితాంతం ఏ నొప్పీ రాదు.

కాకపోతే పట్టీ ఆపని చోట కండ ఆపాలి. అంటే పిన్నీసు పని కండ చేయాలన్నమాట. మామూలు పిల్ల కండల కంటే ఈ పిల్ల కండలు త్వరగా అలిసిపోతాయి. పైగా మోకాలు ఎంత వంగింది, పాదం ఎటు తిరిగింది అన్న సంగతి మెదడుకు చేరవేసే కబురు కూడా ఇలాంటి వాళ్ళలో కొంచెం మందంగా ఉంటుందట. చీలమండ మడతపడేది అందుకే కావచ్చు. రాత్రిళ్ళు కాళ్ళు లాగేది పగలంతా చాకిరీ చేసిన కండలు. ఆ పిల్ల వేషాలు వేయడం లేదు.

మా చెల్లెలి కూతురిదీ ఇదే కథ. యోగాసనాల పోటీలకు వెళ్ళేది. పన్నెండేళ్ళు వచ్చేసరికి మోకాళ్ళు, మణికట్లు నొప్పులని మొదలుపెట్టింది. ఇద్దరు డాక్టర్లు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నారు కాబట్టి పిల్ల అబద్ధం చెబుతోందని మా మరిదిగారు తేల్చేశారు. అది ఏడ్చి ఏడ్చి చివరికి నొప్పని చెప్పడమే మానేసింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ మానెయ్యడమే. ఆడపిల్ల నొప్పిని చెప్పుకోవడం అప్పుడు మానేస్తే ఇక ఎప్పుడు చెబుతుంది? ఆఖరికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆ అమ్మాయి ఎక్స్‌రే చూడలేదు, పిల్లను నిలబెట్టి చూసింది. "ఆంటీ, మోకాళ్ళు చూడండి, వెనక్కి విల్లులా వంగి ఉన్నాయి" అంది. అప్పుడు చూశాం అందరం. పన్నెండేళ్ళుగా కళ్ళెదుట ఉన్న కాళ్ళే.

తర్వాత తొమ్మిది మార్కుల పరీక్ష ఒకటి పెట్టింది. బేటన్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1973లో ప్రచురించిన పద్ధతి అట, ఇప్పటికీ అంతటా అదే వాడుతున్నారు. చిటికెన వేలు వెనక్కి ఎత్తితే నిలువుగా తొంభై డిగ్రీలు దాటుతుందా అన్నది చేతికి ఒక మార్కు. బొటనవేలు మడిస్తే ముంజేతికి ఆనుతుందా, చేతికి ఒకటి. మోచెయ్యి చాపితే తిన్నదనం దాటి వెనక్కి పది డిగ్రీల పైన వంగుతుందా, ఒక్కొక్క దానికి ఒకటి. మోకాళ్ళూ అంతే. ఇవి ఎనిమిది. మోకాళ్ళు మడవకుండా ముందుకు వంగి రెండు అరచేతులూ పూర్తిగా నేలకు ఆనిస్తే తొమ్మిదోది. ఈడు రాని పిల్లలకు ఆరు, ఈడు వచ్చాక యాభై ఏళ్ళ దాకా ఐదు, ఆపైన వాళ్ళకు నాలుగు, అన్ని గానీ అంతకు మించి గానీ వస్తే కీళ్ళు బాగా సాగే తత్వం అని లెక్క. ఇంట్లో చూసుకోవచ్చు గానీ పిల్ల తనంతట తాను వంచినంతే చూడండి, మీరు పట్టుకుని నొక్కకండి. మా పిల్లకు ఎనిమిది వచ్చాయి. పక్కన కూర్చున్న మా చెల్లెలికి ఐదు వచ్చాయి. "అందుకేనా అక్కా నాకు చపాతీలు ఒత్తితే బొటనవేళ్ళు పీకేది!" అంది. నలభై ఏళ్ళకు దానికి జవాబు దొరికింది.

ఇక నిలబడే తీరు. "నిటారుగా నిలబడు" అని బళ్ళో, ఇంట్లో ఒకటే పోరు పెడతాం. ఈ పిల్లలకు నిటారు అంటే మోకాళ్ళు వెనక్కి గట్టిగా నొక్కి తాళం వేసినట్టు నిలబడడమే. అప్పుడు కండకు పని ఉండదు, ఒంటి బరువంతా పట్టీల మీద వేలాడుతుంది. పొట్ట ముందుకొస్తుంది, నడుం లోతుగా వంగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, సాయంత్రానికి నడుం నొప్పి. ఫిజియో అమ్మాయి చెప్పింది ఒకటే మాట, "మోకాళ్ళు వెంట్రుకవాసి వదులు చెయ్." మొదట్లో పిల్లకు మోకాళ్ళు మడిచి నిలబడ్డట్టే అనిపించింది. అద్దం ముందు నిలబడి చూసుకుంటూ నేర్చుకుంది, మూడు నెలలు పట్టింది.

అలాగని కాస్త గూనిగా కూర్చున్న ప్రతి పిల్లనూ "వెన్ను పాడైపోతుంది" అని భయపెట్టడం కూడా సరి కాదు. ఇలాగే కూర్చోవాలి, ఇదే మంచిది అని ఒక్క భంగిమకే పట్టం కట్టడానికి గట్టి ఆధారం లేదు. ఎంతసేపు కదలకుండా ఉన్నారన్నదే చూసుకోవాలి. అరగంటకోసారి లేచి మంచినీళ్ళు తాగి రమ్మనండి చాలు.

ఆటల్లో ఈ వంగే గుణం వరమే. జిమ్నాస్టిక్స్‌లో, ఈతలో, నాట్యంలో అలాంటి పిల్లలే ముందుకొస్తారు. అందుకే ఆటలు మాన్పించమనే వాళ్ళ మాట వినొద్దన్నాను. మాన్పిస్తే కండ తగ్గుతుంది, కండ తగ్గితే నొప్పి పెరుగుతుంది. త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ చిన్నప్పుడు పాదాలు చదునుగా ఉండేవి, జిమ్నాస్టిక్స్‌కు పనికిరానివని చెప్పుకునే పాదాలు. వాటికి తగ్గ సాధన చేయించారు కోచ్ బిశ్వేశ్వర్ నంది. 2016లో రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో నాలుగో స్థానం వచ్చింది, కొద్దిలో పతకం పోయింది. మరుసటి ఏడే మోకాలికి ఆపరేషన్ అయింది. 2018లో టర్కీలో ప్రపంచ కప్ పోటీలో బంగారు పతకం తెచ్చింది. మన హైదరాబాదు అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి అదే ఏడు మెల్‌బోర్న్‌లో కంచు పతకం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్పులో మనవాళ్ళకు అదే మొదటి వ్యక్తిగత పతకం. సానియా మీర్జా ఫోర్‌హాండ్ కొట్టేటప్పుడు మణికట్టు తిరిగే తీరు టీవీలో మనమంతా చూశాం. అదే మణికట్టుకు 2008లో శస్త్రచికిత్స జరిగింది, ఒంటికి భారమవుతోందని 2013లో సింగిల్స్ వదిలేసింది, డబుల్స్‌లో 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. వాళ్ళ దెబ్బలకూ కీళ్ళ సాగుడుకూ ముడిపెట్టే చదువు నాకు లేదు. దెబ్బ తగిలిన కీలును బాగుచేసుకుని తిరిగి ఆడొచ్చు అని చెప్పడానికే ఈ పేర్లు.

కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటి ఒకరినొకరు గుద్దుకునే ఆటల్లో మాత్రం కీళ్ళు సాగే వాళ్ళకు మోకాలి దెబ్బలు ఎక్కువని పరిశీలనల్లో తేలింది. ఖోఖోలో గుద్దుకోవడం అంత లేకపోయినా పరుగు మధ్యలో చటుక్కున తిరగడం ఉంటుంది. మోకాలి లోపలి పట్టీ తెగేది చాలాసార్లు అలాంటప్పుడే. ఒకే ఆట ఆడినా ఆ పట్టీ తెగడం మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. మీ అమ్మాయి ఎగిరి దిగేటప్పుడు ఎదురుగా నిలబడి ఒకసారి గమనించండి. మోకాళ్ళు రెండూ లోపలికి ముద్దు పెట్టుకున్నట్టు దగ్గరికొస్తున్నాయా? అయితే మెత్తగా, మోకాళ్ళు పాదాల వేళ్ళ వైపే ఉండేలా దిగడం నేర్పించాలి. ఇది నేర్పితే దెబ్బలు తగ్గుతాయని రుజువైంది. నాట్యం నేర్చుకునే పిల్లలకూ ఇదే చెప్పాలి. అరమండిలో కాళ్ళు తొడ మొదట్లో నుంచి విచ్చుకోవాలి. అక్కడ విచ్చుకోకుండా పాదాలు మాత్రం బలవంతంగా పక్కకు తిప్పితే మెలి అంతా మోకాలిలో పడుతుంది.

డ్రిల్లు మాస్టారి మాట ఎందుకు వద్దన్నానంటే, ఇప్పటికే సాగే పట్టీని ఇంకా సాగదీసి ఏం బావుకుంటాం? ఈ పిల్లలకు కావలసింది బలం. మెట్టు అంచున నిలబడి మడమలు నెమ్మదిగా ఎత్తి దించడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం ఎత్తడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా నిదానంగా లేవడం కూర్చోవడం, పళ్ళు తోముకుంటున్నంతసేపూ ఒంటికాలి మీద నిలబడడం. ఇవే మా పిల్లకు ఇచ్చినవి, పైసా ఖర్చు లేదు. వారానికి నాలుగు రోజులైనా చేయాలి, నెల రోజులకు కాదు, మూడు నాలుగు నెలలకు తేడా తెలుస్తుంది. ఏది చేసినా కీలు తిన్నగా అయ్యేదాకానే, వెనక్కి విరిగేదాకా కాదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. కాళ్ళు బార్లా చాపించి, పిల్ల వీపు మీద మోకాలు పెట్టి నొక్కే గురువులు, కోచ్‌లు ఉన్నారు. పిల్ల ఏడుస్తున్నా "మొదట్లో అలాగే ఉంటుంది" అంటారు. గురువు కదా అని మనం గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఊరుకుంటాం. ఊరుకోవద్దు. "మా పిల్ల తనంతట తాను వంగినంత వంగుతుంది, మీరు నొక్కొద్దు మాస్టారూ" అని చెప్పండి. మా చెల్లెలు చెప్పింది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు, ఆ ఏడు పిల్లకు పోటీలో చోటు ఇవ్వలేదు. పిల్ల అక్కడ మానేసి ఇప్పుడు బడిలో బ్యాడ్మింటన్ ఆడుతోంది. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఎప్పుడొస్తుందో, ఏం చేస్తే తగ్గుతుందో దానికే తెలుసు. నొప్పిగా ఉన్న రోజు నొప్పిగా ఉందని చెబుతోంది.

వంటింటి సంగతి ఒకటి మిగిలింది. సన్నగా ఉంటేనే ఆసనాలు బాగా వస్తాయని, నాట్యంలో బాగుంటుందని అన్నం తగ్గించే పిల్లలున్నారు. ఆడే పిల్లకు తిండి చాలకపోతే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడి సన్నని పగుళ్ళు వస్తాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నియమించిన నిపుణులు దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. మూడు నెలలు నెలసరి రాకపోతే "పోనీలే, ఆటలాడే పిల్లకు హాయి" అనుకోకుండా డాక్టరుకు చూపించండి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, రాగిసంకటి, వేరుశనగ ఉండలు, ఇవన్నీ మన ఇళ్ళలో ఉన్నవే. ఆట నుంచి రాగానే ఏదో ఒకటి కడుపులో పడాలి.

రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, కీలు వాపు, మోకాలు పట్టేయడం, నడుస్తూ నడుస్తూ కాలు జారిపోవడం, భుజమో మోకాలి చిప్పో తప్పడం, వీటికి ఆలస్యం చేయకండి. వెనక్కి వంగితే నడుంలో ఒకేచోట పొడిచినట్టుండి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఆట ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి, వెన్నుపూసలో చిన్న పగులు ఉండొచ్చు. చర్మం కూడా బాగా సాగడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, ఇంట్లో మరికొందరికి కీళ్ళు తప్పడం ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి, అది వేరే సమస్య కావచ్చు.

ఆ సోదరి మోకాలికి, చీలమండకు బిగుతు పట్టీ కొనాలా అని కూడా అడిగారు. చీలమండ మడతపడే పిల్లకు ఆట ఉన్న గంటసేపు పట్టీ వేయొచ్చు, మళ్ళీ మళ్ళీ మడతపడకుండా కాపాడుతుంది. ఇంటికి రాగానే విప్పేయాలి. కొనేముందు కాలు కొలత తీసుకోండి, అన్నిటికీ ఒకే సైజు అని అమ్మేది తీసుకోకండి.