పిన్ను దొరకని పచ్చ పెట్టె

సైన్యం వాడి వదిలేసిన బ్యాటరీ చార్జర్‌ను కొనడం పెద్ద పని కాదు. తుక్కు దుకాణంలో కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తారు. దానికి కరెంటు అందించడమే అసలు పని. నోకియా ఫోన్ల కాలంలో ‘సన్నపిన్నా, లావుపిన్నా?’ అనే ప్రశ్న వినిపించని ఇల్లు లేదు. సైనిక సామగ్రి విషయంలో అదే ప్రశ్నకు జవాబులు రెండు కాదు, వందల్లో ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌ను ఆనుకుని ఉన్న మస్తూరీలో బ్యాటరీల దుకాణం నడిపే ఒక తెలుగు కుటుంబం కొన్ని వారాలుగా ఈ జవాబు కోసమే తిరుగుతోంది. బిలాస్‌పూర్‌లో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ మొదట బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో, ఆ తరువాత 2003 వరకు ఆగ్నేయ రైల్వేలో ఒకే గొడుగు కింద ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవారు ఇక్కడే స్థిరపడ్డారు. ఈ ఇంటి పెద్దాయన కూడా రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. దుకాణం కొడుకుది. లారీల బ్యాటరీలతోపాటు ఈ-రిక్షాల బ్యాటరీలూ వస్తాయి. ఒక్కో రిక్షాకు 12 వోల్టులవి నాలుగు. రెండేసి చొప్పున కలిపి 24 వోల్టుల చార్జర్ మీద పెడితే పని చకచకా సాగుతుందన్నది వారి ఆలోచన.

దొరికిన పెట్టె బలమైనదే. ఆలివ్ పచ్చ రంగు, ఇద్దరు పడితే గానీ లేవనంత బరువు. ముందు భాగంలో రెండు గుండ్రటి మూతులున్నాయి. వాటిలోకి వెళ్లాల్సిన తీగలు మాత్రం లేవు. రాగి కోసం వాటిని ఎప్పుడో కోసేసి ఉంటారు. నేమ్‌ప్లేటు మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. ‘‘పెట్టి దొరికింది గానీ తాళంచెవి దొరకట్లేదు బాబూ’’ అన్నారు పెద్దాయన. దేశానికి 2,980 మెగావాట్లు అందించే సీపత్ విద్యుత్కేంద్రం ఈ ప్రాంతంలోనే ఉంది. ఆ కరెంటు ఈ పెట్టెలోకి వెళ్లే దారే లేదు.

ఇన్ని రకాల మూతులు ఎందుకని విసుక్కోవడం తేలిక. కానీ అది పిచ్చితనం కాదు. చలిలో, చీకటిలో, నిద్ర చాలని సైనికుడు తడుముకుంటూ తీగ కలిపినా తప్పు జరగకూడదు. 24 వోల్టుల తీగ 230 వోల్టుల మూతిలో దూరకూడదు, ప్లస్సు మైనస్సులో పడకూడదు. అందుకే ఒకదానిది మరొకదానిలో పట్టకుండా గాడులు పెట్టారు. కంటోన్మెంటులో ప్రాణాలు కాపాడే ఈ ఏర్పాటే తుక్కు దుకాణంలో శాపంగా మారుతోంది.

అయితే శాపవిమోచనం కూడా ఆ మూతి మీదే ఉంటుంది. లోహపు అంచును గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూస్తే చాలాసార్లు ఒక నంబరు కనిపిస్తుంది. ఈ రకం కనెక్టర్లు 1930లలో అమెరికా విమానాల కోసం పుట్టాయి. యుద్ధకాలంలో అక్కడి సైన్యానికీ నౌకాదళానికీ ఉమ్మడి ప్రమాణంగా మారాయి. తరువాత మిల్-సి-5015 అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించాయి. ఆ నంబరును చదవడం నేర్చుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది. ఎంఎస్ 3102 అంటే పెట్టెకు బిగించే భాగం. దానికి జోడీగా తీగ చివర ఉండే తిన్నటి ప్లగ్గు 3106, మెడ వంచినది 3108. ఆ తరువాతి అంకె సైజు. దాన్ని అంగుళంలో పదహారో వంతుల్లో లెక్కపెట్టాలి. 18 అంటే అంగుళంపావుకు కాస్త తక్కువ. దాని పక్కనున్న అంకె లోపలి పిన్నుల అమరికను చెబుతుంది. చివర ‘పి’ ఉంటే పిన్నులు, ‘ఎస్’ ఉంటే రంధ్రాలు. ఎదుటి భాగం దానికి విరుద్ధంగా ఉండాలి.

అసలు మోసమంతా ఆ తరువాత వచ్చే అక్షరంలో ఉంది. డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్‌లలో ఏదో ఒకటి ఉందంటే లోపలి బిళ్లను కొంత కోణానికి తిప్పి బిగించారని అర్థం. సైజు అదే, పిన్నులు అన్నే, మర కూడా అదే. అయినా ప్లగ్గు ఎక్కదు. వేలు పోసి తెప్పించిన ప్లగ్గును సుత్తితో ఎక్కించాలని చూసేది ఇక్కడే.

నంబరు ఉన్నంత మాత్రాన అది అమెరికా రకమే అనుకోవడానికీ లేదు. మన సైన్యంలో బ్రిటిష్ వారసత్వం ఉంది, సోవియట్ సరుకుంది, స్వదేశీ తయారీ ఉంది. ఒకప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో తయారైన బీఎంపీ-2 శకటం పుట్టుక సోవియట్‌దే. ఆ దేశపు గుండ్రటి కనెక్టర్లు చూడటానికి అమెరికా వాటికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి. మర రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. వెర్నియర్ క్యాలిపర్ లేకుండా హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లినా, ముంబై లామింగ్టన్ రోడ్డుకు వెళ్లినా ‘ఇలాంటిదే కావాలి’ అని చేతులతో చూపించడం తప్ప చేయగలిగిందేమీ లేదు. (మన గోడల మీది గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం తక్కువదా? అది బ్రిటిష్ ప్రమాణం 546 సంతానం. బ్రిటన్ 1947లో చదరపు పిన్నుల కొత్త ప్రమాణం తెచ్చుకుంది. మనకు పాతదే మిగిలింది. అదీ ఒక రకం మిగులు సరుకే.)

పిన్ను దొరకనివారు చేసే పని తెలిసిందే. మూతి పీకేసి, రెండు తీగలు మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. విమానాల కోసం చేసిన పరికరమైతే దానికి కావాల్సింది 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటు. మన 50 హెర్ట్జ్ ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పిన్నుల్లో ఒకటి ఎర్త్. దాన్ని వదిలేస్తే ఏదో ఒక రోజు ఇనుప పెట్టెకే కరెంటు ఎక్కుతుంది. ఇక చార్జర్ నికెల్-కాడ్మియం బ్యాటరీల కోసం చేసినదైతే లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండిన తరువాత కూడా కరెంటు తోస్తూనే ఉండొచ్చు. అప్పుడు ఆసిడ్ మరిగి హైడ్రోజన్ వెలువడుతుంది. షట్టరు దించిన చిన్న గదిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

సిగ్నల్ విభాగంలో పనిచేసినవారికి ఓపిక ఎక్కువ. పెద్దాయన ముందు మీటరు పట్టుకున్నారు. బాడీకి కలిసిన పిన్ను ఎర్త్ అని తేల్చారు. కరెంటు బయటికి వచ్చే చోట వేలికి తగలకుండా రంధ్రాలు, లోపలికి వెళ్లే చోట పిన్నులు ఉంటాయన్న సూత్రంతో ఏ మూతి దేనిదో గుర్తించారు. చెరిగిన నేమ్‌ప్లేటు మీద పెన్సిలు రుద్దితే 230, 50 అంకెలు తేలాయి. అప్పటికీ నేరుగా కలపకుండా వంద వాట్ల బల్బును సీరీస్‌లో పెట్టి చూశారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. లోపల షార్ట్ లేదన్నమాట.

ఇంత పరిశోధన ఒక బ్యాటరీ దుకాణం ఎందుకు చేయాల్సి వచ్చిందన్నది నా ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో మిగులు సామగ్రి గుట్టలుగా బజారుకు వచ్చింది. దానితోపాటు ఏ పెట్టెలో ఏ పిన్ను దేనికో చెప్పే పుస్తకాలూ వచ్చాయి. హీత్ కంపెనీ 1947లో యుద్ధపు మిగులు భాగాలతోనే ఆసిలోస్కోప్ కిట్టు తయారుచేసి అమ్మింది. సామగ్రితోపాటు సమాచారం కూడా చేతులు మారింది కాబట్టే అది సాధ్యమైంది. మన దగ్గర ప్రభుత్వ మిగులు సరుకును అమ్మిపెట్టిన సరఫరాల, డిస్పోజల్స్ డైరెక్టరేట్ జనరల్ 2017లో మూతపడింది. ఇప్పుడు వేలాలు ఎంఎస్‌టీసీ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారా ఆన్‌లైన్‌లో సాగుతున్నాయి. పద్ధతి మారింది, చూపు మారలేదు. బయటికి వెళ్లేది పనికొచ్చే యంత్రమని కాక, ఇనుమని లెక్క. చార్జర్ ఎన్ని వోల్టులు తీసుకుంటుంది, ఎన్ని ఇస్తుంది, ఏ పిన్ను ఎర్త్, జోడీ ప్లగ్గు నంబరేమిటి? ఇవన్నీ కలిపి అర పేజీ. వీటిలో శత్రువు చేతికి చిక్కితే కొంప మునిగే రహస్యమేదో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

సరికొత్త వస్తువుల విషయంలో ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదని అనలేం. టైప్-సి చార్జింగ్‌కు భారతీయ ప్రమాణం ప్రకటించారు. తేలికపాటి విద్యుత్ వాహనాల చార్జింగ్ కనెక్టర్‌కు 2023లో ప్రమాణం ఇచ్చారు. మరమ్మతు హక్కు కోసం 2022లో పోర్టల్ కూడా తెరిచారు. కానీ ఆ హక్కు కంపెనీల ఫోన్లకు, ట్రాక్టర్లకే. ప్రభుత్వమే అమ్మేవాడైన చోట దాని ఊసు లేదు.

మస్తూరీలో మూతి మీది నంబరు చివరికి చదవగలిగారు. అది ‘డబ్ల్యూ’ రకం. జోడీ ప్లగ్గుకు ముంబై వ్యాపారి చెప్పిన ధర, చార్జర్‌ను తూకానికి కొన్న ధరకన్నా ఎక్కువ. కొడుకు మాట, మూతి తీసేసి మామూలు పదహారు ఆంపియర్ల తీగ బిగిద్దామని. తండ్రి ఒప్పుకోలేదు. ముందు బయటికి వచ్చే వోల్టేజీ 28.8 దగ్గర ఆగుతుందో లేదో చూడాలని, ఆగకపోతే ఏ పిన్నూ అక్కర్లేదని ఆయన పట్టు.