రాత్రి వేటలో అసలు ఆయుధం టార్చి

రాత్రిపూట సముద్రంలో మునిగి ఈటెతో చేపలు కొట్టే వేట గురించి ఎవరడిగినా ముందు ఈటె గురించే అడుగుతారు. గన్ను ఎంత పొడుగుండాలి, రబ్బరు ఒకటి చాలా రెండు కావాలా, గన్ను మంచిదా కర్ర ఈటె మంచిదా, ఇలాగ. టార్చి సంగతి ఆఖర్న "అన్నట్టు ఏదైనా మంచి టార్చి చెప్పండి" అంటూ వస్తుంది. నా ఉద్దేశంలో ఈ వరస పూర్తిగా తలకిందులు. రాత్రి నీళ్ళలో మనిషికి ప్రమాదం తెచ్చేదీ, చేపకి తప్పించుకునే దారి లేకుండా చేసేదీ ఎక్కువగా టార్చే. తుపాకీకి ఉన్నన్ని కట్టుబాట్లు దానికీ ఉండాలని నేనంటాను.

నేను సిడ్నీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో పగటిపూట ఈటె పట్టుకుని దిగే మనిషిని. మా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఈటెతో పాటు దీపం వాడటం నిషేధం. ఆక్సిజన్ సిలిండర్ అని మనవాళ్ళు పిలిచే స్కూబా గాలి సిలిండరు తగిలించుకుని చేపని కొట్టడమూ నిషేధమే. అందుకని రాత్రిళ్ళు నేను దిగేది చూడటానికే, ఒక చేతిలో టార్చి, రెండో చెయ్యి ఖాళీ. ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడొకడు పసిఫిక్ దీవులకి వెళ్తూ, "అన్నా, పదివేల ల్యూమెన్ల టార్చి ఒకటి చూశాను, రాత్రి వేటకి కొనెయ్యమంటావా?" అనడిగాడు. అతనికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మనిషి ప్రాణం సంగతి. స్పియర్‌గన్‌కి కొన్ని నియమాలు పగలైనా రాత్రైనా ఒకటే. నీళ్ళలోకి దిగాకే రబ్బరు ఎక్కించాలి, బయటికి వచ్చేముందు దించెయ్యాలి. సేఫ్టీ మీట ఉంది కదా అని నమ్మకూడదు. ఎక్కించిన గన్ను ఎవరివైపూ తిప్పకూడదు. ఇవన్నీ తెలిసినవే. రాత్రి మారేది ఏమిటంటే, మీకు కనిపించే ప్రపంచం టార్చి వెలుగు పడినంత మేరకి కుంచించుకుపోతుంది. పగలైతే మీ జోడీ ఎక్కడున్నాడో తల తిప్పితే తెలుస్తుంది. రాత్రి ఆ వెలుగుకి అవతల ఎవరున్నారో తెలియదు. ఈటె మాత్రం వెలుగు ఆగిన చోట ఆగదు కదా! అందుకే చేప వెనక ఇసకో రాయో స్పష్టంగా కనిపిస్తేనే కొట్టాలి. వెనక నల్లటి నీళ్ళు తప్ప ఏమీ కనబడకపోతే ఎంత పెద్ద చేపైనా వదిలెయ్యాల్సిందే.

ఇక చాలామంది చేసే పని, టార్చిని గన్నుకే బిగించడం. చెయ్యి ఖాళీ అవుతుంది, గురి ఎక్కడో వెలుగు అక్కడే పడుతుంది, బాగానే ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. అప్పుడు మీరు ఏది చూడాలన్నా దానివైపు గన్ను తిప్పాలి. జోడీని వెతకాలంటే జోడీ వైపే తిప్పాలి! "ఎవరివైపూ తిప్పకూడదు" అన్న మొదటి నియమాన్ని ఆ బిగింపే రద్దు చేసేసింది. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి డిజైన్ వస్తే రివ్యూలోనే తిప్పి పంపుతాం. తలకి పెట్టుకునే లైటుతో ఇంకో తంటా. మీరు జోడీ మొహంలోకి చూసిన ప్రతిసారీ అతని కళ్ళల్లో వెలుగు కొడతారు. చీకటికి కళ్ళు బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క క్షణం వెలుగు సూటిగా పడితే ఆ అలవాటు చాలావరకు పోతుంది. కాబట్టి ఖాళీ చేతికి, చేతి వెనకవైపు పట్టీతో బిగించుకునే టార్చి మేలు. గన్ను ఎక్కించేటప్పుడు వేళ్ళు ఆడతాయి, టార్చి జారిపోదు. మణికట్టుకి తాడు కడితే గట్టిగా లాగితే ఊడిపోయేలా ఉండాలి. తాడు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే టార్చి పోవాలి గానీ మనిషి అక్కడ ఆగిపోకూడదు. రెండు చేతులకీ అందేచోట కత్తి ఉండాల్సిందీ ఇందుకే.

"వెలుగు ఎంత ఎక్కువుంటే అంత భద్రం" అన్నది ఇంకో అపోహ. జనవరి తెల్లవారుజామున పొగమంచులో విజయవాడ హైవే మీద హైబీమ్ వేసి బండి నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది. నీళ్ళలో తేలే నలుసులు కూడా అంతే, వెలుగుని తిరిగి మన మొహం మీదే కొడతాయి. పదివేల ల్యూమెన్ల వెడల్పు వెలుగు ఫొటోలు, వీడియోలు తీసేవాళ్ళకి పనికొస్తుంది. చూసుకుంటూ ఈదడానికి సన్నటి కిరణం వచ్చే మామూలు టార్చి, కంటికి కాస్త పక్కగా ఎడంగా పట్టుకుంటే చాలు. మరీ శక్తివంతమైన టార్చిలు నీటి చల్లదనం మీద ఆధారపడి పనిచేస్తాయి. ఒడ్డున వెలిగించి ఉంచితే వేడెక్కిపోతాయి. మూతకుండే రబ్బరు వలయం మీద ఒక్క ఇసక రేణువు చాలు నీళ్ళు దూరడానికి. శుభ్రంగా తుడిచి, పల్చగా సిలికాన్ గ్రీజు రాసి, ఇంట్లోనే మూత బిగించుకోవడం ఉత్తమం. బ్యాకప్ లేకుండా డేటాబేస్ ముట్టుకోని మనం ఒకే టార్చితో సముద్రంలోకి దిగడమేమిటి? మనిషికి రెండు టార్చిలు, ఒంటిమీద గుర్తు కోసం ఒక చిన్న లైటు, పైన తేలే ఫ్లోటుకి ఆరకుండా వెలిగే దీపం ఒకటి. ఆ చివరిది పడవలవాళ్ళకి మీరు కనబడటానికి. కొట్టిన చేపని నడుముకి కట్టుకోకుండా ఆ ఫ్లోటుకే తగిలించాలి. నెత్తురు వాసనకి వచ్చే సొరచేప మీ దగ్గరికి రానక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద నియమం, ఒకరు కిందికి వెళ్తే ఒకరు పైన ఉండాలి. ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ళు స్పృహ తప్పేది ఎక్కువగా పైకి వస్తూ ఆఖరి కొద్ది మీటర్లలోనో, తల బయటపెట్టిన కొద్ది క్షణాలకో. పగలైతే పైనున్నవాడు చూస్తాడు. రాత్రి అతనికి కనిపించేది కిందనున్న వెలుగు ఒక్కటే. అది కదలడం మానేస్తే అతనికి తెలియాలి, అంటే అతను తన చేపని వెతుక్కుంటూ ఉండకూడదు. పెద్ద గుండ్రం తిప్పితే "బాగున్నా", అటూ ఇటూ గబగబా ఊపితే "సాయం కావాలి". ఈ రెండు సైగలూ దిగకముందే మాట్లాడుకోవాలి. ఇద్దరూ ఒకేసారి వేటాడతామంటే జోడీగా దిగినా ఒంటరిగా దిగినట్టే.

ఇంతవరకూ మన సంగతి. ఇప్పుడు చేప సంగతి.

పగటి వేటలో చేప మిమ్మల్ని చూస్తుంది. దాన్ని బెదరగొట్టకుండా దగ్గరికి చేరడమే సగం విద్య, చాలాసార్లు ఖాళీ చేతుల్తో రావడమే మిగులుతుంది. రాత్రి సంగతి వేరు. చిలకచేపలు పగడపు దిబ్బల సందుల్లో నిద్రపోతాయి. వాటిలో కొన్ని జాతులు నిద్రకి ముందు ఒంటి చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. నెత్తురు పీల్చే చిన్న పురుగుల నుంచి అది కాపాడుతుందని పరిశోధకులు చూపించారు, అచ్చం మన దోమతెర లాగ. ఆ దోమతెర టార్చి నుంచి కాపాడదు. నిద్రపోతున్న చేప మీద వెలుగు వేసి, అర మీటరు దూరం నుంచి ఈటె గుచ్చడానికి ఏ విద్యా అక్కర్లేదు.

దీనికి సోలమన్ దీవుల్లోని రోవియానా సరస్సు మంచి ఉదాహరణ. అక్కడ తలమీద బొడిపె ఉండే పెద్ద చిలకచేప ఉంది. 1.3 మీటర్ల పొడవు, 40 కిలోల పైన బరువు పెరుగుతుంది, 40 ఏళ్ళ దాకా బతకగలదు. రాత్రిళ్ళు లోతులేని చోట గుంపుగా పడుకుంటుంది. అక్కడివాళ్ళు తరతరాలుగా కొబ్బరాకుల కాగడాలతో, పడవల మీదనుంచి దాన్ని వేటాడారు, చేప మిగిలింది. 1970లలో నీళ్ళలో పనిచేసే టార్చిలు వచ్చాక మునిగి కొట్టడం మొదలైంది, ఒక్క రాత్రిలో పడుకున్న గుంపులో చాలా భాగం ఖాళీ అయ్యే వీలు కలిగింది. ఈటె పాతదే, మనిషీ పాతవాడే. మారింది వెలుగు. నెమ్మదిగా పెరిగి, ఆలస్యంగా పిల్లల్ని పెట్టే చేప ఆ వేగాన్ని తట్టుకోలేదు. ఈ రోజు ఆ జాతి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ముప్పు ఉన్న జాతుల్లో ఉంది.

మన వృత్తి భాషలో దీన్ని రేట్ లిమిట్ అనొచ్చు. సముద్రం ఈ వేటకి సహజంగా రెండు హద్దులు పెట్టింది. మీ ఊపిరి ఒకటి, చీకటి రెండోది. గాలి సిలిండరు మొదటిదాన్ని తీసేస్తే, టార్చి రెండోదాన్ని తీసేస్తుంది. రెండూ తీసేశాక మిగిలేది వేట కాదు, గోడౌన్‌లోంచి సరుకు ఎత్తుకోవడమే. చట్టాలు కూడా చూడండి, చాలా చోట్ల ఈటె జోలికి పోకుండా సరిగ్గా ఈ రెండిటి మీదే పడ్డాయి. మధ్యధరా సముద్రానికి యూరోపియన్ యూనియన్ 2006లో చేసిన నిబంధన గాలి సిలిండరుతో గానీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా గానీ స్పియర్‌గన్ వాడరాదంటుంది. సిలిండరుతో వేటని అమెరికన్ సమోవా 2001లో, గ్వామ్ 2020లో ఆపేశాయి. మన దేశంలో కూడా, పద్ధతి వేరైనా, గొడవ వెలుగుదే. చేపల్ని గుంపుగా పోగుచేసి వలలో ఎత్తడానికి వాడే ఎల్‌ఈడీ దీపాల్ని కేంద్ర ప్రభుత్వం తన పరిధిలోని సముద్రంలో 2017లో నిషేధించింది. ఇక్కడా వలని నిషేధించలేదు, దీపాన్ని నిషేధించారు.

"ఈటె వేట అన్నిటికన్నా శుభ్రమైనది కదా, కావలసిన చేపనే కొడతాం, ట్రాలర్‌లా అన్నీ ఊడ్చుకురాం" అంటారు నా తోటి వేటగాళ్ళు. నిజమే, నేను ఈటె పట్టింది కూడా అందుకే. కానీ ఎంచి కొట్టగలగడం రెండువైపులా పదునున్న కత్తి. ఎంచుకునేది ఎప్పుడూ పెద్ద చేపనే, రాత్రి అయితే నిద్రపోయే పెద్ద చేపని. దిబ్బ మీద నాచు గీకి శుభ్రం చేసేవాటినే ఏరి ఏరి తీసేస్తే పగడాల మీద నాచు పెరుగుతుంది. శుభ్రమైన వేట కాస్తా దిబ్బకే ఎసరు పెడుతుంది.

"మరి ఆ దీవుల్లో జనం తిండికోసమే రాత్రి దిగుతారుగా, వాళ్ళకి నీతులు చెప్తావా?" అని కూడా అడగొచ్చు. చెప్పను. రోవియానాలో ఏ సముద్రం ఏ వంశానిదో తెలిపే సంప్రదాయ హక్కులున్నాయి. వాటి ఆధారంగానే కొన్ని చోట్ల వేట ఆపాలని వాళ్ళే పరిశోధకులతో కూర్చుని నిర్ణయించుకున్నారు. తన సముద్రాన్ని తను కాపాడుకునేవాడికి ఆ నిర్ణయం చేసే హక్కు ఉంది. విమానం దిగి వారం రోజుల్లో తిరిగి వెళ్ళిపోయే మనకి ఆకలీ లేదు, ఆ హక్కూ లేదు. మనం కొట్టే చేప మనకి ఫొటో, వాళ్ళకి వచ్చే ఏడాది కూర.

కాబట్టి నా సలహా ఇది. మీరున్నచోట చట్టం వద్దంటే ఇక చర్చే లేదు. చట్టం ఒప్పుకున్నా, స్థానికుల్ని అడగండి. వాళ్ళూ సరేనంటే గన్ను కన్నా ముందు వెలుగుకి నియమాలు పెట్టుకోండి. టార్చి గన్నుకి కట్టకూడదు, మనిషి కళ్ళల్లో వెయ్యకూడదు, వెలుగు అందని చోటికి ఈటె వదలకూడదు, పడుకున్న చిలకచేప జోలికి పోకూడదు, ఇంటికి సరిపడా ఒకటో రెండో దొరకగానే పైకి వచ్చెయ్యాలి. ఇన్ని నియమాలు పెట్టుకుంటే రాత్రి వేటలో మజా ఏముంది అంటారా? ఈటె ఒడ్డున వదిలేసి, టార్చి ఒక్కటే పట్టుకుని దిగి చూడండి. ఆక్టోపస్ రంగులు మార్చుకుంటూ వేటకి బయల్దేరడం, జిగురు తెరలో చిలకచేప నిద్ర, టార్చి ఆర్పి చెయ్యి ఆడిస్తే నీళ్ళలో మెరిసే మిణుగురులు. మజాకి కొదవేం లేదు :)