పెంపుడు జీవి ఛాయాచిత్రం: మా అభిప్రాయం

గత వేసవిలో మా విద్యార్థి ఒకడు తన సెల్‌ఫోనులో దాచుకొన్న చిత్రమొకటి మాకు చూపినాడు. క్రోసూరు ప్రాంతంలో మిరప, పత్తి సాగు చేసే కుటుంబం వారిది. పదకొండేళ్ళు ఇంట మెలగిన ఎద్దును అంతకు ముందు నెలలోనే అమ్మివేశారట. చిత్రంలో ఎద్దు మూపురం ఉన్నది, ఒక కొమ్ము ఉన్నది. కొట్టం రేకులు, గోడకు ఆనించిన సైకిలు, ప్రక్కన నవ్వుతూ మేనమామ ఉన్నారు. ఎద్దు ముఖం మాత్రం లేదు. ఇంతకంటె మంచిది తీయలేదా అని అడిగినాము. “మూడు వందలు తీశాను సార్, అన్నీ ఇట్లాగే ఉన్నాయి” అన్నాడు. ఆ ఎద్దు ఇక తిరిగి రాదు.

లోపం యంత్రంలో లేదనీ, మనం నిలబడిన తావులో ఉన్నదనీ మా అభిప్రాయం. పిల్లినైనా మేకపిల్లనైనా మనం నిలుచున్నచోటు నుండే క్రిందికి చూచి తీస్తాము. అందువలన తల పెద్దదై, కాళ్ళు పొట్టివై, ఆ జీవి ఏదో నేరం చేసి తలవంచినట్లు కనబడుతుంది. కటకం దాని కంటికి సమానమైన ఎత్తున ఉండాలి. ఒంగోలు గిత్తకైతే కొద్దిగా వంగితే చాలును. పిల్లికూనకైతే నేలమీద బోర్లా పడుకోక తప్పదు. ఇరుగుపొరుగు నవ్వుతారు. నవ్వనీయండి. మరీ దగ్గరకు పోయినా మోర ఉబ్బి చెవులు చిన్నవైపోతాయి గనుక, నాలుగడుగులు వెనుకకు జరిగి తీయడం మేలు.

ముఖమొక్కటే తీయాలా, గిట్టలవరకు పూర్తిగా తీయాలా అన్నది ముందుగానే నిశ్చయించుకోవాలి. మోకాళ్ళ దగ్గర తెగిన చిత్రం రెండింటికీ చెడినట్లే. మనకు దగ్గరగా ఉన్న కన్ను స్పష్టంగా పడితే తోక మసకబారినా క్షమించవచ్చు. అది ఏ వైపు చూస్తున్నదో ఆ వైపున కొంత జాగా విడిచిపెట్టాలి. లేనిచో గోడకు ముఖం పెట్టినట్లుంటుంది. ఇక తలలోనుండి కరెంటు స్తంభం మొలిచిన చిత్రాలు మేము లెక్కలేనన్ని చూచినాము. రెండడుగులు ప్రక్కకు జరిగితే ఆ స్తంభం తొలగిపోయేది!

మన పలనాటి ఎండ సంగతి వేరుగా చెప్పాలి. మిట్టమధ్యాహ్నం తెల్లని గిత్తను తీస్తే సున్నం కొట్టిన గోడ మిగులుతుంది. నల్లమేకను చీకటి కొట్టం ముందు తీస్తే రెండు కళ్ళే మిగులుతాయి. ఉదయం ఎనిమిది లోపున, నల్లదానిని గడ్డివామి ముందు, తెల్లదానిని చెట్టునీడలో నిలిపి చూడండి. ఫ్లాషు వద్దే వద్దు. పశువుల కంటిలోపల వెలుతురును త్రిప్పికొట్టే పొర ఉన్నది. అందుచేతనే కళ్ళు దీపాలవలె మండుతాయి. పైగా జీవి బెదురుతుంది.

ఇదంతా క్రొత్త విద్య కాదు. జహాంగీరు పాదుషా కొలువులో ఉస్తాద్ మన్సూర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1612లో గోవానుండి వచ్చిన టర్కీ కోడిని, 1621లో జీబ్రాను ఆయన చిత్రించినాడు. ఆ రెండూ నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నవి. జీబ్రా ప్రక్కవాటుగా, నాలుగు కాళ్ళూ కనబడేటట్లు నిలిచి ఉంటుంది. వెనుక దాదాపు ఏమీ లేదు. పాదుషా కానుకలు గాని, పరివారం గాని అందులో లేవు.

మన బండలాగుడు పందేల చిత్రాలలోనో? కప్పు, పూలదండ, యజమాని, యజమాని బావమరిది, ఊరి పెద్దలు వరుసగా నిలుచుంటారు. గెలిచిన గిత్త ఒక మూలన సగం తెగి ఉంటుంది. మనిషి ఉండరాదని మేమనము. మెడమీద ఆనించిన ఒక చేయి చాలునంటున్నాము. పశువుకు ఇంత హంగామా ఎందుకని మిత్రులు కొందరు మమ్ము పరిహసించినారు. బ్రహ్మనాయుని చిట్టిమల్లు పేరు నేటికీ మన పల్లెల్లో వినబడుతుంది. ఆ పుంజు ఈక ఏ రంగో ఎవరికైనా తెలుసునా?

మొన్న ఆ విద్యార్థి మరొక చిత్రం తెచ్చినాడు. ఈసారి గేదెదూడ. కళ్ళు నిండుగా పడినవి, వెనుక వామి పచ్చగా వెలుగుతున్నది. కుడిచెవి కొస మాత్రం తెగింది. ఆ మాటే అన్నాము.

“అది నా మోచెయ్యి నాకటానికి వచ్చింది సార్” అన్నాడు.